బిఫోర్ సన్‌సెట్ ఫ్రేజ్ అట, బిఫోర్ ద సన్ సెట్స్ క్లాజ్ అట. అమ్మాయికి ఎలా చెప్పాలి?

కుట్టుమిషన్ అమ్మ, సామర్లకోట

అందరికీ నమస్కారం. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, చీరలకి ఫాల్, పికో చేస్తాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. నేను పదో తరగతి వరకూ తెలుగు మీడియంలో చదివి 2002లో పాసయ్యాను. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, కానీ గ్రామర్ అంటే నాకు ఇప్పటికీ టెన్షనే. అయినా ట్యూషన్ పెట్టించే వీలు లేదు కాబట్టి రోజూ రాత్రి మిషన్ పక్కన కూర్చోబెట్టుకుని నేనే చదివిస్తున్నాను.

పోయిన వారం వాళ్ళకి స్లిప్ టెస్ట్ పెట్టారు. పది వాక్యాలు ఇచ్చి, ఒక్కోదాంట్లో కొంత భాగం కింద గీత గీసి, అది ఫ్రేజా సబార్డినేట్ క్లాజా రాయమన్నారు. పదికి ఐదు వచ్చాయి. తప్పయిన చోట ఇంటూ మార్కు తప్ప ఎందుకు తప్పో రాయలేదు. ఆ ఐదూ ఇవి:

"వుయ్ షుడ్ రీచ్ హోమ్ బిఫోర్ సన్‌సెట్." గీత బిఫోర్ సన్‌సెట్ కింద. బిఫోర్ కంజంక్షన్ల లిస్టులో ఉందని క్లాజ్ రాసింది. తప్పు. దాని తర్వాతి వాక్యంలోనే "బిఫోర్ ద సన్ సెట్స్" ఇచ్చారు. అక్కడా క్లాజ్ రాసింది, అది మాత్రం రైటు!

"ద గర్ల్ స్టాండింగ్ నియర్ ద డోర్ వాంట్స్ ఎ పెన్." స్టాండింగ్ వెర్బ్ కదా అని క్లాజ్ రాసింది. తప్పు.

"ద శారీ ఐ బాట్ లాస్ట్ వీక్ హాజ్ ఫేడెడ్." ఇందులో దట్, విచ్ ఏమీ లేవని ఫ్రేజ్ రాసింది. తప్పు.

"షి నోస్ హౌ టు త్రెడ్ ఎ నీడిల్." హౌ ఉందని క్లాజ్. తప్పు.

"ద మ్యాచ్ వాజ్ స్టాప్డ్ బికాజ్ ఆఫ్ ద రెయిన్." బికాజ్ ఉందని క్లాజ్. తప్పు.

నోట్సులో చూస్తే ఫ్రేజ్ అంటే అర్థం ఉంటుంది కానీ పూర్తి అర్థం ఉండదు అని ఉంది. సబార్డినేట్ క్లాజ్ అంటే ఒంటరిగా నిలబడదు, మెయిన్ క్లాజ్ మీద ఆధారపడుతుంది అని ఉంది. "అమ్మా, రెండూ ఒకటే కదా చెప్తున్నాయి" అంది మా అమ్మాయి. నాకూ అలాగే అనిపించింది. తెలుగులోకి మార్చి చెబుదామని చూశాను. బిఫోర్ సన్‌సెట్ అన్నా, బిఫోర్ ద సన్ సెట్స్ అన్నా నా నోటికి "పొద్దు గూకకముందు" అనే వస్తోంది. మరి తేడా ఎక్కడుంది? దయచేసి ఎవరైనా నాకు అర్థమయ్యేలా చెప్పండి, నేను దానికి చెప్పుకుంటాను.


గ్రూప్స్ ఆస్పిరెంట్

వెరీ సింపుల్ మేడమ్. వెర్బ్ ఉంటే క్లాజ్, వెర్బ్ లేకపోతే ఫ్రేజ్. అన్ని కాంపిటీటివ్ పరీక్షలకీ ఇదే రూల్.


కుట్టుమిషన్ అమ్మ, సామర్లకోట

థాంక్స్ తమ్ముడూ. కానీ స్టాండింగ్ కూడా వెర్బే కదా? టు త్రెడ్ కూడా వెర్బే. అవి ఉన్నా ఫ్రేజ్ అంటున్నారు. మా అమ్మాయి సరిగ్గా ఈ రూల్ పెట్టుకునే స్టాండింగ్ దగ్గర మార్కు పోగొట్టుకుంది.


పాత పలక, కావలి

అమ్మా, నేను నెల్లూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 33 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇంగ్లీషు మాస్టార్లతో స్టాఫ్‌రూములో కూర్చుని, వాళ్ళతో వాదించి నేర్చుకున్న గ్రామర్ నాది. మీ ప్రశ్న చదివాక ఊరుకోలేకపోయాను. మీ అమ్మాయి చేసిన తప్పుల్లో కనీసం మూడు, తెలుగు చక్కగా వచ్చిన పిల్ల చేసే తప్పులు. దాన్ని కోప్పడకండి.

ముందు ఆ నోట్సు సంగతి. మీ అమ్మాయి అన్నది నిజం. ఆ రెండు నిర్వచనాలతో ఏ పిల్లా తేడా పట్టుకోలేదు. ఒంటరిగా నిలబడుతుందా లేదా అన్నది మెయిన్ క్లాజునీ సబార్డినేట్ క్లాజునీ వేరు చేసే ప్రశ్న. ఫ్రేజ్ ఎటూ నిలబడదు, సబార్డినేట్ క్లాజూ నిలబడదు. కాబట్టి ఆ ప్రశ్న ఇక్కడ అడిగి లాభం లేదు. అడగవలసింది ఇది: గీత గీసిన ముక్కలో ఒక కర్త, ఆ కర్తకి సమాపక క్రియ ఉన్నాయా? రెండూ ఉంటే క్లాజ్. ఏ ఒక్కటి లేకపోయినా ఫ్రేజ్.

సమాపక క్రియ, అసమాపక క్రియ మీరూ పదో తరగతిలోపు చదువుకునే ఉంటారు. వెళ్ళాను, వెళ్ళింది, వెళ్తారు అంటే సమాపకం. పని ఎవరిది, ఎప్పటిది అన్నది క్రియ తోకలోనే తెలిసిపోతుంది. వెళ్ళి, వెళ్తూ, వెళ్తే, వెళ్ళినా, వెళ్ళిన అంటే అసమాపకాలు. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని మేము బోర్డు మీద రాసి చెప్పేవాళ్ళం. ఇంగ్లీషులో స్టాండింగ్, టు త్రెడ్ ఈ రెండో జాతివి. క్రియలే, కానీ తోక లేనివి. పైన ఆ అబ్బాయి చెప్పిన రూల్లో "వెర్బ్" బదులు "కాలం చూపించే వెర్బ్, దానికో కర్త" అని రాసుకుంటే సరిపోతుంది.

ఇక మన తెలుగు ఎక్కడ అడ్డుపడుతుందో చూడండి. తెలుగులో ఒక వాక్యాన్ని ఇంకో వాక్యంలో ఇమిడ్చేటప్పుడు లోపలి క్రియకి తోక తీసేస్తాం. "నేను చీర కొన్నాను" అన్న వాక్యం "నేను కొన్న చీర" అవుతుంది. కొన్నాను పోయి కొన్న మిగిలింది. నువ్వు కొన్న చీర, వాళ్ళు కొన్న చీర, పోయిన వారం కొన్న చీర. ఎవరు కొన్నా "కొన్న" మారదు, అసలు కర్తని చెప్పకపోయినా మారదు. ఇంగ్లీషు క్రియ అలా కాదు. లోపలికి వెళ్ళినా తన తోక తనతోనే ఉంచుకుంటుంది. "షి వేర్స్ ఎ శారీ" అన్నది "ద శారీ షి వేర్స్" అయినప్పుడు వేర్స్ చివరి ఎస్ అలాగే ఉంది చూడండి. అందుకే "ఐ బాట్ లాస్ట్ వీక్" అన్న మూడు నాలుగు మాటల్లో ఒక పూర్తి కర్త, ఒక పూర్తి క్రియ దాక్కుని ఉన్నాయి. దట్ గానీ విచ్ గానీ ముందు లేకపోయినా అది క్లాజే. ఆ వాక్యంలో దట్ పెట్టడం, మానడం మన ఇష్టం. మీ అమ్మాయి "నేను కొన్న" అని తెలుగులో ఆలోచించింది. తెలుగులో అక్కడ సమాపక క్రియ లేదు. అందుకే దానికి ఫ్రేజ్ అనిపించింది.

దీనికి నేను మా బడి పిల్లలకి చెప్పిన ఉపాయం ఒకటుంది. వాక్యాన్ని ఈరోజు నుంచి నిన్నటికి జరపమనండి. జరిపినప్పుడు ఏ క్రియ రూపం మారుతుందో అదే సమాపక క్రియ. మారని క్రియ అసమాపకం.

"ద గర్ల్ స్టాండింగ్ నియర్ ద డోర్ వాంట్స్ ఎ పెన్" నిన్నటికి జరిపితే "ద గర్ల్ స్టాండింగ్ నియర్ ద డోర్ వాంటెడ్ ఎ పెన్." మారింది వాంట్స్ ఒక్కటే. స్టాండింగ్ నిన్నా స్టాండింగే, ఇవాళా స్టాండింగే. కాబట్టి గీత గీసిన ముక్క ఫ్రేజ్. అదే "ద గర్ల్ హూ ఈజ్ స్టాండింగ్ నియర్ ద డోర్" అని ఇచ్చి ఉంటే నిన్నటికి "హూ వాజ్ స్టాండింగ్" అవుతుంది. ఈజ్ మారి వాజ్ అయ్యింది, హూ దానికి కర్త. అది క్లాజ్. తెలుగులో రెండూ "తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి"యే.

"షి నోస్ హౌ టు త్రెడ్ ఎ నీడిల్" నిన్నటికి "షి న్యూ హౌ టు త్రెడ్ ఎ నీడిల్." టు త్రెడ్ కదల్లేదు. ఫ్రేజ్. "షి నోస్ హౌ హర్ మదర్ త్రెడ్స్ ఎ నీడిల్" అని ఉంటే త్రెడ్స్ కాస్తా త్రెడెడ్ అవుతుంది. క్లాజ్. కాబట్టి హౌ ఉన్నంత మాత్రాన ఏదీ తేలదు.

ఇప్పుడు మీ పొద్దు గూకడం. "వుయ్ షుడ్ రీచ్ హోమ్ బిఫోర్ ద సన్ సెట్స్" నిన్నటికి "వుయ్ రీచ్డ్ హోమ్ బిఫోర్ ద సన్ సెట్" అవుతుంది. సెట్స్‌లో ఎస్ రాలిపోయింది, అంటే అది కదిలే క్రియ. కర్త సన్. క్లాజ్. "బిఫోర్ సన్‌సెట్"లో ఏమీ కదలదు. సన్‌సెట్ ఒకే మాట, నామవాచకం. తెలుగులో కూడా ఈ తేడా చెప్పుకోవచ్చమ్మా. బిఫోర్ సన్‌సెట్ అంటే "సూర్యాస్తమయానికి ముందు", బిఫోర్ ద సన్ సెట్స్ అంటే "పొద్దు గూకకముందు". మొదటిదాంట్లో పేరు మాత్రమే ఉంది, రెండోదాంట్లో పొద్దు ఉంది, గూకడం ఉంది. మనం రోజూ మాట్లాడేది రెండోదే కాబట్టి మీ నోటికి అదొక్కటే వచ్చింది.

బికాజ్ సంగతి తెలుగుతోనే చెప్పండి, ఇక మరిచిపోదు. "వాన పడింది కాబట్టి మ్యాచ్ ఆగిపోయింది", "వాన వల్ల మ్యాచ్ ఆగిపోయింది". కాబట్టికి ముందు "పడింది" అని తోకతో సహా క్రియ ఉంది. వల్లకి ముందు "వాన" అని పేరు ఉంది. బికాజ్ అంటే కాబట్టి, బికాజ్ ఆఫ్ అంటే వల్ల. సరిగ్గా అదే పద్ధతి. తెలుగులో సమాపక క్రియ లోపలే మిగిలిపోయే చోట్లలో ఇదొకటి. ఇంకోటి "అని". "టెస్ట్ ఉందని సార్ చెప్పారు" అంటే ఉంది చెక్కుచెదరకుండా ఉంటుంది. అందుకేనేమో "సర్ సెడ్ దట్ దేర్ వాజ్ ఎ టెస్ట్" లాంటి వాక్యాల్లో క్లాజు పట్టుకోవడానికి మన పిల్లలు తడబడగా నేను పెద్దగా చూడలేదు.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. తెలుగు పీరియడ్‌లో "సీత వంట చేసి బడికి వెళ్ళింది" అంటే సంశ్లిష్ట వాక్యం అని నేను చెప్పేవాణ్ణి. తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లీషు మాస్టారు "హావింగ్ కుక్డ్ ద మీల్, సీత వెంట్ టు స్కూల్" సింపుల్ సెంటెన్స్ అనేవారు. కాంప్లెక్స్ సెంటెన్స్ అంటే సంశ్లిష్ట వాక్యం అని మళ్ళీ మేమే అనువాదం చెప్పేవాళ్ళం. ఒక అమ్మాయి లేచి "మాస్టారూ, సీత చేసిన పని ఒకటే కదా, అక్కడ సింపుల్ ఎలా అయ్యింది?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తెలుగు అసమాపక క్రియ ఉన్నా సంశ్లిష్టం అంటుంది, ఇంగ్లీషు స్కూలు గ్రామర్ రెండో సమాపక క్రియ ఉంటేనే కాంప్లెక్స్ అంటుంది అని నాకు తట్టేసరికి ఆ బ్యాచ్ వెళ్ళిపోయింది. ఆ అమ్మాయికి చెప్పలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

ఒకటి చూసి చెప్పండి. చీర వాక్యంలో గీత ఎక్కడ మొదలైంది? "ద శారీ" నుంచా, "ఐ" నుంచా?


సుద్దముక్క

అక్కా, నేను నల్గొండ దగ్గర సర్కారు బడిలో ఇంగ్లీష్ చెప్తాను. పండితులవారు చెప్పినదానికి రెండు సంగతులు కలుపుతున్నా, మా పిల్లలు ఎక్కడ తప్పుతారో రోజూ చూస్తున్నాను కనుక.

ఒకటి, ఆ కంజంక్షన్ల లిస్టు. మా క్లాసులో కూడా చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి పెట్టాను. తర్వాత చూస్తే పిల్లలు వాక్యం చదవడం మానేసి చార్టులో మాట ఉందా లేదా అని చూస్తున్నారు. చార్టు తీసేశాను. బిఫోర్, ఆఫ్టర్, సిన్స్, అంటిల్ ఈ నాలుగూ రెండు డ్యూటీలు చేస్తాయి. "సిన్స్ మార్నింగ్" అంటే ఫ్రేజ్, "సిన్స్ షి కేమ్" అంటే క్లాజ్. "అంటిల్ నైన్ ఓ క్లాక్" అంటే ఫ్రేజ్, "అంటిల్ ద కరెంట్ కమ్స్" అంటే క్లాజ్. కాబట్టి ఆ మాటని వేలితో మూసేసి, తర్వాత ఉన్నది మాత్రమే చదవమని చెప్పండి. "ద కరెంట్ కమ్స్" అని చదివితే చిన్న వాక్యంలా వినిపిస్తుంది. "నైన్ ఓ క్లాక్" అని చదివితే వినిపించదు. మా ఆరో తరగతి పిల్లలకి కూడా ఈ వేలు పద్ధతి వస్తుంది. హూ, వాట్ లాంటి మాటలే కర్తగా ఉన్నప్పుడు మాత్రం మూయొద్దు, కర్తే పోతుంది.

కొన్ని మాటలకి జంటలుంటాయి. బికాజ్‌కి బికాజ్ ఆఫ్, దో కి డిస్పైట్, వైల్‌కి డ్యూరింగ్. "దో ఇట్ రెయిన్డ్" క్లాజ్, "డిస్పైట్ ద రెయిన్" ఫ్రేజ్. కాంప్లెక్స్ నుంచి సింపుల్‌కి మార్చమని అడిగే ప్రశ్నల్లో పని అంతా ఈ జంటలతోనే. డిస్పైట్ తర్వాత ఆఫ్ రాయనివ్వకండి. ఇన్ స్పైట్ ఆఫ్ లో ఆఫ్ ఉంటుంది, డిస్పైట్‌కి ఉండదు. ప్రతి ఏడాదీ సగం పేపర్లలో ఇది కొట్టేస్తుంటాను.

రెండోది, నిన్నటికి జరిపే ఉపాయం చాలా మంచిది, కానీ ఒక చోట పిల్లల్ని మోసం చేస్తుంది. "ద శారీ బాట్ లాస్ట్ వీక్ హాజ్ ఫేడెడ్" అని ఇస్తే? ఐ లేదు. బాట్ చూస్తే ముందే నిన్నటి రూపంలో ఉంది, ఇక జరపడానికేం లేదు. పాస్ట్ టెన్స్ ఉంది కదా అని క్లాజ్ రాసేస్తారు. "ద లెటర్ పోస్టెడ్ ఆన్ మండే రీచ్డ్ టుడే" కూడా అంతే. ఇలాంటి చోట ఆ క్రియ తీసేసి రైట్ పెట్టి చూడమంటాను, ఎందుకంటే దానికి రోట్ వేరు, రిటెన్ వేరు. "ద లెటర్ రిటెన్ ఆన్ మండే" కుదిరింది, "ద లెటర్ రోట్ ఆన్ మండే" కుదరలేదు. రిటెన్ కుదిరితే అది పార్టిసిపుల్, అంటే అసమాపక రూపం, కాబట్టి ఫ్రేజ్. "ద లెటర్ ఐ పోస్టెడ్ ఆన్ మండే"లో "ఐ రోట్" కుదురుతుంది, కాబట్టి క్లాజ్. మీ చీరకి రైట్ కుదరదు కనుక టేక్ పెట్టండి, టుక్, టేకెన్. "ద శారీ టేకెన్ లాస్ట్ వీక్", "ద శారీ ఐ టుక్ లాస్ట్ వీక్". తేడా చెవికే తెలుస్తుంది.


రెండో షిఫ్ట్, హైదరాబాద్

నేను ఇఫ్లూలో, అంటే హైదరాబాద్‌లోని ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీలో, ఇంగ్లీష్ ఎంఏ చేశాను. పైవాళ్ళిద్దరూ చెప్పింది స్కూలు గ్రామర్‌కి పూర్తిగా సరైనది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం అనిపించింది, ఎందుకంటే మీ అమ్మాయి ఏదో ఒక రోజు ఫోన్‌లో వెతుకుతుంది.

యూనివర్సిటీ స్థాయి గ్రామర్లలో గీత ఇక్కడే ఉంటుంది, పేర్లు వేరు. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి రాసిన పెద్ద గ్రామర్‌లో స్టాండింగ్ నియర్ ద డోర్, హౌ టు త్రెడ్ ఎ నీడిల్ వంటివాటిని ఫ్రేజ్ అనరు, నాన్‌ఫైనైట్ క్లాజ్ అంటారు. అంటే అసమాపక క్రియ ఉన్న క్లాజ్. మాస్టారి తెలుగు సంశ్లిష్ట వాక్యం దీనికి దగ్గరగా ఉంది చూడండి. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ తెచ్చిన కేంబ్రిడ్జి గ్రామర్ అయితే బిఫోర్‌ని రెండు చోట్లా ప్రిపొజిషన్ అనే అంటుంది. ఒక చోట దాని వెనక పేరు, ఇంకో చోట దాని వెనక క్లాజ్ వచ్చాయి అని చెబుతుంది.

కాబట్టి ఎక్కడైనా "స్టాండింగ్ నియర్ ద డోర్ ఈజ్ ఎ క్లాజ్" అని కనిపిస్తే కంగారు పడొద్దు. ఆ రాసినవాళ్ళూ తప్పు కాదు, మీ సార్ దిద్దిందీ తప్పు కాదు. పరీక్షలో స్కూలు పుస్తకం పద్ధతే రాయమనండి. కాలం చూపించే క్రియ ఉందా లేదా అని గుర్తుపట్టడం వస్తే, రేపు పై చదువులో పేరు మారినా ఇబ్బంది ఉండదు.


కుట్టుమిషన్ అమ్మ, సామర్లకోట

నాలుగు రోజులు పట్టింది జవాబు రాయడానికి, పెళ్ళిళ్ళ పని ఎక్కువగా ఉంది. మాస్టారూ, మీరు రాసింది మా అమ్మాయికి బయటికి చదివి వినిపించాను. "నేను కొన్న, నువ్వు కొన్న, వాళ్ళు కొన్న" దగ్గర ఆగి, మళ్ళీ చదవమంది. టీచర్ గారూ, వేలు పద్ధతి వెంటనే పట్టేసింది.

జాకెట్టు కొలతలకి వాడే కటింగ్ పేపరు ఒకటి పరిచి, దాని మీద మార్కింగ్ సుద్దతో పన్నెండు వాక్యాలు రాశాం. కర్త కింద గీత, కదిలే క్రియ చుట్టూ సున్నా. గీత, సున్నా రెండూ పడ్డవి క్లాజులు. పన్నెండులో పది సరిగ్గా పెట్టింది. తప్పిన రెండూ బాట్, పోస్టెడ్ లాంటివే. రైట్, టేక్ పెట్టి చూశాక అవీ వచ్చాయి.

చీర వాక్యం టెస్ట్ పేపరు తీసి చూశాను. గీత "ఐ" దగ్గర మొదలై "వీక్" దగ్గర ఆగింది.

ఇప్పుడు ఇంకో అనుమానం. పదమూడో వాక్యం అది సొంతంగా రాసింది. ఆ సాయంత్రం పట్టు జాకెట్టు కుడుతుంటే 14 నంబరు సూది విరిగింది. లోపల లైనింగు, పైన జరీ బోర్డరు, మడత మీద మడత వచ్చిన చోట టక్కుమని విరిగింది. అది చూసి "వైల్ స్టిచింగ్ ద బ్లౌజ్, ద నీడిల్ బ్రోక్" అని రాసింది. నిన్నటి ఉపాయం ప్రకారం స్టిచింగ్ కదలదు, కర్త లేదు, కాబట్టి ఫ్రేజ్ అంది. వైల్ ఉంటే క్లాజ్ కదా అని నాకు అనుమానం. పైగా వాక్యం ఎక్కడో తేడాగా ఉందనిపిస్తోంది, ఎక్కడో చెప్పలేకపోతున్నాను.


పాత పలక, కావలి

గీత "ఐ" నుంచి అయితే సార్ దిద్దింది సరైనదే. ఒకవేళ "ద శారీ" నుంచి గీసి ఉంటే, మొత్తం ముక్క శారీ అనే పేరు చుట్టూ అల్లుకున్న నౌన్ ఫ్రేజ్ అయ్యేది, లోపల క్లాజు ఉన్నా సరే. అందుకని గీత మొదలు, చివర చూశాకే జవాబు రాయమని చెప్పండి.

మీ అమ్మాయి చెప్పింది రైటు. వైల్ ఉన్నా కర్త లేదు, కాలం లేదు, స్కూలు లెక్కలో అది ఫ్రేజే. మీకు అనిపించిన తేడా కూడా నిజమే. మీరు కుట్టుపని చేసే మనిషి కాబట్టి మీకే ముందు తట్టింది. ఫ్రేజ్‌కి సొంత కర్త లేదు కదా, అది పక్కనున్న మెయిన్ క్లాజ్ కర్తని అరువు తెచ్చుకుంటుంది. ఇక్కడ పక్కనున్న కర్త నీడిల్. అప్పుడు వాక్యానికి అర్థం ఏమైంది? సూదే కూర్చుని జాకెట్టు కుట్టింది, కుడుతూ విరిగింది.

తెలుగులో మనకి ఈ ఇబ్బంది ఎందుకు రాదంటే మన దగ్గర రెండు రూపాలున్నాయి. "కుడుతూ" అన్నామంటే సాధారణంగా రెండు పనులకీ ఒకే కర్త. "అమ్మ జాకెట్టు కుడుతూ పాట విన్నది." "కుడుతుంటే" అన్నామంటే కర్తలు వేరైనా ఫర్వాలేదు. "అమ్మ జాకెట్టు కుడుతుంటే సూది విరిగింది." "అమ్మ జాకెట్టు కుడుతూ సూది విరిగింది" అని మీరు ఎప్పుడూ అనరు, నోరు రాదు. ఇంగ్లీషులో వైల్ స్టిచింగ్ అన్నది మన "కుడుతూ" లాంటిది. "కుడుతుంటే" కావాలంటే కర్తని, కాలం చూపించే క్రియనీ పెట్టి క్లాజ్ రాయాలి.

"చేసి"కి మాత్రం ఈ కొలత అన్ని చోట్లా పనికిరాదు. "వాన పడి చెరువు నిండింది" అంటాం, పడింది వాన, నిండింది చెరువు. అందుకే తెలుగులోంచి మార్చేటప్పుడు, కామా దాటాక వచ్చే మొదటి పేరు ఎవరిదో, ముందున్న పని చేసింది వాళ్ళేనా అని చూసుకోమనండి. కాకపోతే ఫ్రేజ్ మానేసి క్లాజ్ రాయాలి.

ఆ వాక్యం మార్చి రాయించి ఇక్కడ పెట్టండమ్మా, చూస్తాను.


కుట్టుమిషన్ అమ్మ, సామర్లకోట

రెండు రకాలుగా రాసింది మాస్టారూ.

"వైల్ అమ్మ వాజ్ స్టిచింగ్ ద బ్లౌజ్, ద నీడిల్ బ్రోక్."

"వైల్ స్టిచింగ్ ద బ్లౌజ్, అమ్మ బ్రోక్ ద నీడిల్."

మొదటిదాంట్లో అమ్మ కింద గీత, వాజ్ చుట్టూ సున్నా పెట్టి క్లాజ్ అని రాసింది. రెండోదాంట్లో కామా దాకా గీతా లేదు, సున్నా లేదు, ఫ్రేజ్ అని రాసింది. రెండూ గ్రామర్ ప్రకారం సరిపోయాయా అని అడుగుతోంది. నేను మాత్రం సార్‌కి మొదటిదే చూపించమన్నాను. రెండోదాంట్లో సూది విరగ్గొట్టింది నేనవుతాను. ఆ రోజు అది జరీ మడత దగ్గర దానంతట అదే విరిగింది.


పాత పలక, కావలి

రెండూ సరిపోయాయమ్మా. జరిగింది చెప్పేది మొదటిదే.